పదికి మించరాదు

పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి వండూర్‌లో సత్యారావు అంటే తెలియనివాళ్లు లేరు. కానీ అతనికి కాగితమంటే ఎంత భయమో తెలిసింది మాత్రం భార్య రాజకుమారికే. పాకలో దూరిన పామును తోక పట్టి అవతలికి విసిరేసే మనిషి, రబ్బరు స్టాంపు పడిన కాగితం ఇంటికొస్తే ముందు చేతులు కడుక్కుని, తర్వాత దాన్ని ముట్టుకునేవాడు. చదవడం రాక కాదు. హిందీ బళ్లో ఎనిమిదో తరగతి దాకా చదివాడు. సర్కారు కాగితంలో తన కంటబడని మాట ఏదో ఒక మూల నక్కి ఉంటుందనీ, అది సమయం చూసి తన మీద పడుతుందనీ అతని అనుమానం. ఇంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి ఇదేం పిరికితనమని నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు. అతనికి మాత్రం అది నిజమైన భయం.

తండ్రి కళింగపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, అడవి నరికి, సముద్రానికి కాస్త ఇవతల లోతట్టులో రెండెకరాల వరిమడి చేశాడు. ఆ మడికి శత్రువులు జింకలు. ఎప్పుడో తెల్లదొరలు తెచ్చి వదిలారట. తరిమి తినే పులులూ చిరుతలూ లేని దీవి కావడంతో అవి మందలు మందలుగా పెరిగాయి. ఒక్క మంద దిగిందంటే పొట్ట మీదున్న వరి పొద్దెక్కేసరికి మొదళ్లకు వచ్చేది. అందుకని పంట కాపలాకని తండ్రికి ఒక తుపాకీకి లైసెన్సు ఇచ్చారు. ఒంటి గొట్టం తుపాకీ, ఒకసారికి ఒక్క తూటా. జింకను కొట్టకూడదు. గాలిలోకి పేల్చి బెదరగొట్టాలి. తండ్రి పోయాక ఆ లైసెన్సు సత్యారావు పేరు మీదికి మారింది.

లైసెన్సు పుస్తకం రెండో పేజీలో ఎర్ర సిరాతో రాసిన షరతు ఒకటుంది. తూటాలు ఒకేసారి పదికి మించి దగ్గర ఉంచుకోరాదు. ఉన్నవి పేలిపోయో పోగొట్టుకునో తగ్గితే ఆ సంగతి చూపించి మళ్లీ పది దాకా కొనుక్కోవాలి. ఊళ్లో లైసెన్సున్న రైతులు దీన్ని అంతగా పట్టించుకునేవారు కాదు. చక్కెర అడిగినట్టు ఒకరినొకరు తూటాలు బదులడిగేవారు. పొరుగున ఉండే మల్లేశు దగ్గర ఒక వారం ఆరుంటే మరో వారం పన్నెండుండేవి. సత్యారావు మాత్రం ఎవరినీ అడగలేదు, ఎవరికీ ఇవ్వలేదు. వారానికోసారి పది లెక్క చూసుకుంటే గానీ అతనికి అన్నం సహించేది కాదు.

దీవుల్లో ఏడాదిలో ఎనిమిది నెలలు వానే. తూటాలకు చెమ్మ తగలకుండా, పాత సైకిలు ట్యూబును జానెడేసి ముక్కలు కోసి, ఒక్కో ముక్కలో ఒక్కో తూటా దూర్చి, రెండు కొసలూ బిగించి కట్టేవాడు. వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత చుట్టూ కొవ్వొత్తి కరిగించి పోసేవాడు. తుపాకీ, తూటాలు ఒకే కప్పు కింద ఉండకూడదని తండ్రి నేర్పిన పద్ధతి. అందుకే తుపాకీ గుట్ట మీది కాపలా పాకలో, పెట్టెలో తాళం వేసి ఉండేది. డబ్బా కింద ఇంట్లో, వంటగదిలో రుబ్బురోలు వెనక ఉండేది.

2004 డిసెంబరు 26 ఆదివారం పొద్దున్నే భూమి ఊగింది. మడి గట్టు తెగిందేమో చూద్దామని సత్యారావు కిందికి వెళ్లాడు. కాసేపటికి సముద్రం వైపు నుంచి మోతలు వినిపించాయి. ఒకటి, రెండు, మూడు. ఆ తర్వాత నీళ్లొచ్చాయి. రాజకుమారి పన్నెండేళ్ల కూతురు ప్రత్యూషను రెక్క పట్టుకుని గుట్ట మీదికి లాక్కుపోయింది. పైకెక్కి తిరిగి చూస్తే ఇల్లు లేదు, మడి లేదు, మొగుడు లేడు. సత్యారావు ఒక కొబ్బరి చెట్టును కరుచుకుని బతికి, మధ్యాహ్నం దాటాక ఒంటి మీద లాగుతో మాత్రం గుట్ట ఎక్కాడు. ఆ ఐదు గంటలూ ఎలా గడిపావని అతను భార్యను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

వచ్చిన నీళ్లు మళ్లీ పోలేదు. దీవి ఆ పక్కన కుంగిందన్నారు. వరిమడి మీద సముద్రం నిలిచిపోయింది. పోటు సమయంలో నడుములోతు, ఆటులో మోకాలి లోతు. ఊరు గుట్ట వాలులో రేకుల గదుల్లోకి మారింది. సత్యారావు తనకు పైన మిగిలిన అరెకరంలో బెండ, వంగ, చిక్కుడు వేశాడు. కింద గడ్డంతా ఉప్పుకు మాడిపోవడంతో జింకలూ పైకే ఎక్కాయి. తుపాకీ ఉంది, తూటాలు లేవు. ఠాణాకు వెళ్లి, తన పది తూటాలూ ఇంటితో పాటు సముద్రంలో కొట్టుకుపోయాయని రాయించి సంతకం పెట్టాడు. ఆ కాగితం చూపించి పోర్ట్‌బ్లెయిర్‌లో కొత్తవి పది కొన్నాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

మరుసటి డిసెంబరు అమావాస్యకు ఆటు బాగా లాగింది. పాత ఇంటి చోట బురద బయటపడింది. ద్వారబంధం మంచి పడాక్ కర్ర, తీసి కడిగితే పనికొస్తుందని సత్యారావు పలుగు పట్టుకుని దిగాడు. అడుగున్నర తవ్వేసరికి రుబ్బురోలు తగిలింది. దాన్ని దొర్లిస్తే వెనకాల డబ్బా. తుప్పు పట్టింది గానీ మూత చుట్టూ మైనం అలాగే ఉంది. మైనం గీకి తెరిచాడు. ట్యూబు ముక్కలు విప్పి చూస్తే, పది తూటాలూ నిన్న పెట్టినట్టు పొడిగా ఉన్నాయి. తన పనితనానికి ఒక్క క్షణం గర్వపడ్డాడు పాపం. మరుక్షణం లెక్క గుర్తొచ్చింది. పైన రేకుల గదిలో పది, చేతిలో పది. మొత్తం ఇరవై.

ఇప్పుడు ఠాణాకు వెళ్లి దొరికాయని చెబితే? పోయాయని సంతకం పెట్టి కొత్తవి కొన్నావు, ఇప్పుడు పాతవి తెచ్చావు, దాచుకుని అబద్ధం రాయించావంటే ఏం చెప్పాలి? సముద్రంలో పారేస్తే? ఆ ఏడాదంతా సముద్రం తీసుకుపోయినవన్నీ ఒక్కొక్కటే ఒడ్డుకు తెచ్చి పెడుతూనే ఉంది. ఏ టూరిస్టు పిల్ల చేతికో దొరికితే! పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలో యుగంధర్ అనే కాంట్రాక్టరు దగ్గర పదికి బదులు పదిహేను దొరికాయని కేసు పెట్టారనీ, తుపాకీ పోయి, ఇప్పటికీ కోర్టు చుట్టూ తిరుగుతున్నాడనీ బస్సులో విన్నాడు. యుగంధర్‌కి చదువుంది, తెలిసినవాళ్లున్నారు. తనకెవరున్నారు?

డబ్బా ఒక చోట నిలవలేదు. బియ్యం డ్రమ్ములోంచి కొబ్బరాకుల మోపులోకి, అక్కడ్నుంచి రేకుల సందులోకి మారింది. జెట్టీ వైపు వెళ్లే పోలీసు జీపు మోత వినబడితే చాలు, సత్యారావు చేతిలో ముద్ద చేతిలోనే ఉండేది. ఏమయిందని రాజకుమారి అడిగితే కడుపులో బాగోలేదన్నాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

పులి మీద పుట్రలా ఠాణా నుంచి నోటీసు వచ్చింది. డిసెంబరు ఇరవయ్యో తారీఖున లైసెన్సుదారులంతా తుపాకీ, తూటాలు తెచ్చి లెక్క చూపించాలి. అవసరమైతే ఇళ్లు కూడా చూస్తారు. ఆ ఆఖరి మాట దగ్గర సత్యారావు కళ్లు ఆగిపోయాయి. పద్దెనిమిదిన ఇక ఉండబట్టలేక మల్లేశును తోట చివరికి పిలిచి అంతా చెప్పాడు.

"నీకాడ కాళీ ఏటైనా ఉందేటి బావా? ఓ పది పెట్టుకుందువు."

"నాకాడా పదీ నిండిపోనాయిరా భయ్యా," అన్నాడు మల్లేశు తల గోక్కుంటూ. "ఎల్లుండి లెక్క నాకు మాత్రం నేదేటి? అయినా నీ అంత పిరికోణ్ణి నానెక్కడా సూడనేదు. పేల్చీ. పంటకి పేల్చుకోమనే గదా లైసెన్స్ ఇచ్చినారు? పేలిపోనాక గోలీ ఎక్కడుంది, లెక్కెక్కడుంది? పది పేల్చీ, పది పట్టుకెల్లు. బాత్ ఖతం."

సత్యారావు గుండెల మీంచి బండ దిగినట్టయింది. చట్టం తప్పకుండానే చట్టంలోకి దిగే దారి! ఇంత తేలిక సంగతి తనకెందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకున్నాడు.

పంతొమ్మిదో తారీఖు ఉదయం పది గంటలకు కిందికి దిగాడు. తోటలో పేలిస్తే రేకుల గదుల పక్కనే అవుతుంది, పిల్లలుంటారు. అందుకని మునిగిన మడి దాటి, గట్టు తల కాస్త పైకి తేలిన చోట, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. చుట్టూ మనిషన్నవాడు లేడు. ఎవరికీ దెబ్బ తగలదు. ఎంత జాగ్రత్త పడ్డాడో చూడండి.

మొదటిది పేలింది. ఏడాది బురదలో ఉన్నా నిక్షేపంలా పేలింది. రెండు. మూడు. ఒక్కొక్కటి పేలుతుంటే అతనికి ప్రాణం తేలికవుతోంది. పదిహేడు మిగిలాయి. పదహారు. పదిహేను. అంతకుముందు ఊళ్లో తుపాకీ మోగిందంటే సాయంత్రం పూట, గుట్ట మీది తోటల్లో, ఒకే ఒక్కసారి. ఆ మోత పసిపిల్లలకు కూడా తెలుసు. ఇలా పట్టపగలు, సముద్రం వైపు నుంచి, ఒకదాని వెంట ఒకటి మోగడం ఊరు ఇదివరకు ఒక్కరోజే విన్నది. ఆ రోజు గడిచి ఇంకో వారంలో ఏడాది నిండుతుంది. సత్యారావుకు ఇదేదీ తట్టలేదు. ఠాణా భయం బుర్రనిండా ఉంటే ఇంకో భయానికి చోటెక్కడిది?

ఆరోది పేలాక ఏడోది గొట్టంలో పెడుతుండగా గుట్ట మీద హెచ్చరికగా కంచాలు మోగాయి. విజిల్ మోగింది. ఆ తర్వాత అరుపులు. "పానీ! పానీ ఆయా! నీళ్లొచ్చేత్తన్నాయి, పైకెక్కండి!" సత్యారావు తలెత్తి చూశాడు. రేకుల గదుల్లోంచి జనం చీమల్లా బయటపడి అడవి వైపు పరిగెడుతున్నారు. ఒక్క క్షణం అతనూ నమ్మాడు. చప్పున సముద్రం వైపు తిరిగాడు. సముద్రం ఎప్పటిలాగే ఉంది. అప్పుడు అర్థమైంది. ఏ నీళ్లకైతే భయపడి వాళ్లు పరిగెడుతున్నారో, ఆ నీళ్లు తనే.

ఆగండి, ఏమీ లేదని అరిచాడు. అంత దూరానికి ఎవరికీ వినబడలేదు. పైకి పోయే జనంలోంచి ఒక్క మనిషి మాత్రం కిందికి వస్తోంది. చీర మోకాళ్ల పైకి ఎగదోపి, పడుతూ లేస్తూ, నేరుగా ఉప్పునీళ్లలోకి దిగింది. రాజకుమారి.

మడిలో చచ్చిన చెట్ల మోళ్లు గీరుకుని ఆమె కాళ్ల వెంట రక్తం కారుతోంది. వచ్చి అతని చొక్కా రెండు చేతులా పట్టుకుని గట్టు వైపు లాగింది.

"నడు మావా! నడు! నీళ్లొచ్చేత్తన్నాయి, నడు!"

"నేవే. నీళ్లు నేవు."

"నడమంటే!"

"నీళ్లు నేవే రాజీ. ఆ మోతలు నావి. నానే పేల్చినాను."

అప్పుడు గానీ ఆమెకు తుపాకీ కనబడలేదు. దాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"నువ్వా? ఏటికి?"

"పది దాటిపోనాయి," అన్నాడు సత్యారావు. డబ్బా, సంతకం, నోటీసు, అన్నీ చెబుదామనుకున్నాడు. నోటికి వచ్చింది ఆ ఒక్క ముక్కే.

రాజకుమారి గట్టు మీద కూలబడింది. ఏడుపు కాదు, పళ్లు టకటక కొట్టుకునే వణుకు. "పిల్లని పైకి తోలీసినాను," అంది కాసేపటికి. "నానెల్లనేకపోనాను మావా. ఆ రోజు నిన్నొగ్గీసి పైకెల్లిపోనాను గదా. ఈ పాలి ఒగ్గనేకపోనాను." తను ఊరికే పేల్చిన మోతలకి తన భార్య చావుకు ఎదురొచ్చిందని తెలిశాక సత్యారావుకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఆమెను లేవదీసి, నీళ్లలో నడిపించుకుంటూ గుట్ట వైపు తీసుకుపోయాడు.

పైన ఊరు ఊరంతా అడవి అంచున చేరింది. ముసలి యర్రమ్మ జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంటే జీపులో పోర్ట్‌బ్లెయిర్ ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. సంగతి తెలిశాక కొందరు తిట్టారు, కొందరు కొట్టబోయారు. మల్లేశు మధ్యలో నిలబడి, సలహా తనదేనని ఒప్పుకున్నాడు. సత్యారావు జనాన్ని తోసుకుంటూ తిరిగాడు. ప్రత్యూష కోసం వెతుకుతున్నాడు. అందరికన్నా ఎత్తున, గుట్ట కొసన, ఒక చెట్టును కావలించుకుని ఉంది. గౌను తడిసిపోయి ఉంది. పదమూడేళ్ల పిల్ల.

"పానీ గయా క్యా? నీళ్లు పోయాయా?" అంది కళ్లు తెరవకుండా.

"నీళ్లు రానేదమ్మా. నాన్నే తుపాకీ పేల్చినాడు. తప్పయిపోనాది."

ప్రత్యూష కళ్లు తెరిచి తండ్రిని చూసింది. భుజాన తుపాకీని చూసింది. మెల్లగా చెట్టు వదిలి, వెళ్లి తల్లి వెనక దాక్కుంది. ఠాణా, కోర్టు, జైలు, పక్షం రోజులుగా పీడించిన అన్ని భయాలూ కలిపినా సత్యారావుకు ఆ క్షణం అయినంత భయం కాలేదు.

మర్నాడు ఠాణాలో బల్ల మీద తుపాకీ, లైసెన్సు పుస్తకం, తూటాలు పెట్టాడు. హెడ్ కానిస్టేబులు కూడా దీవుల్లో పుట్టిన తెలుగువాడే. అందరూ హెడ్ సాబ్ అంటారు. వేలితో ఒక్కొక్కటే పక్కకు నెడుతూ లెక్కపెట్టాడు. పది దగ్గర వేలు ఆగింది. తర్వాత పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు.

"లైసెన్స్‌లో పదే గదా?"

"అవును సాబ్."

"మరి ఇవేటి?"

సత్యారావు చెప్పాడు. రుబ్బురోలు దగ్గర్నుంచి గుట్ట కొస దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. హెడ్ సాబ్ లైసెన్సు పుస్తకం మూశాడు.

"నిన్న నీళ్లొచ్చాయని ఇక్కడికి ఫోనొచ్చింది," అన్నాడు. "నేనేం జేసినానో తెలుసా? టోపీ కూడా ఇక్కడే ఒగ్గీసి మా పిల్లల స్కూలుకి పరిగెట్టినాను." అతని గొంతులో కోపముంది. ఆ కోపం న్యాయమేనని సత్యారావుకూ అనిపించింది. "ఎక్కువైన నాలుగూ జప్తు. కేసవుతాదో నేదో పోర్ట్‌బ్లెయిర్ ఆఫీసు సెప్తాది. నేను సెప్పనేను. తుపాకీ, పది గోలీలూ తీసుకెల్లు."

"వొద్దు సాబ్. ఇవీ ఉంచీండి."

"అరే, తోటో? జింకలు తినీవా?"

"తింటే తిన్నీండి."

అప్పగింత కాగితంలో కారణం రాయాలన్నాడు హెడ్ సాబ్. సత్యారావు తుపాకీని అతని వైపు జరిపాడు. "మా పిల్ల నన్ను సూసి దాక్కున్నాది సాబ్. దీన్ని సర్కారు మాటల్లో ఏటంటారో నాకు తెల్దు, మీరే రాయండి." హెడ్ సాబ్ ఏదో రాసి కాగితం తిప్పి జరిపాడు. సత్యారావు దాన్ని చదవకుండానే సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. కేసు సంగతి తేలలేదు కాబట్టి భయం తీరలేదు. అది ఇంకా కొన్ని నెలలు ఉంటుంది. గుమ్మంలో ప్రత్యూష నిలబడి ఉంది. నిన్నటి నుంచి అతనితో మాట్లాడలేదు.

"ఇంకా ఉన్నాయా?" అంది.

"నేవమ్మా. అన్నీ ఇచ్చీసినాను."

"ఎన్ని ఇచ్చావ్?"

"అన్నీ. తుపాకీ కూడా."

పిల్ల నమ్మలేదు. అతని భుజం మీది సంచీ తీసుకుని బోర్లించింది. చొక్కా జేబులు తడిమింది. లోపలికి వెళ్లి మంచం కింద చూసింది. బియ్యం డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలియబెట్టింది. స్టూలెక్కి రేకుల సందులన్నీ వేళ్లతో వెతికింది. సత్యారావు గుమ్మంలోనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంత గట్టిగా ఠాణాలో కూడా ఎవరూ వెతకలేదు. రాజకుమారి ఏదో అనబోతే వద్దని సైగ చేశాడు. పిల్ల స్టూలు దిగి, చేతులకంటిన మసి గౌనుకు తుడుచుకుని, ఇల్లంతా ఇంకోసారి మొదట్నుంచి వెతకడం మొదలుపెట్టింది.